పెద్ద డ్రాయింగులు ప్లాటర్ మీద స్కేలు తప్పకుండా ప్రింట్ తీయడం ఎలా

ఆఫీసులో ఏ4 ప్రింటు తీసినట్టే ఏ0 కూడా తీసేయొచ్చులే అనుకుని కంట్రోల్ పీ కొట్టేసేవాళ్ళని రోజూ చూస్తుంటాను. కాగితం బయటికొస్తుంది, గీతలుంటాయి, టైటిల్ బ్లాక్ (డ్రాయింగు పేరు, నంబరు, స్కేలు రాసే గడి) ఉంటుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. దాని మీద స్కేలు పెట్టి కొలిచినప్పుడు బయటపడుతుంది అసలు సంగతి.

నేను ఈ పనిలోకొచ్చిన కొత్తలో ఒక ఇంటి సైటుకి ఏ1 ప్రింట్లు పంపాం. డ్రాయింగుని కాగితానికి సరిపడేలా కుదించే ఫిట్ టు పేపర్ టిక్కు పడి ఉంది, ఎవరం చూసుకోలేదు. డ్రాయింగు మొత్తం 98.3 శాతానికి కుంచించుకుపోయి వచ్చింది. కాలమ్స్‌కి అంకెలు రాసి ఉన్నాయి కాబట్టి వాటికి ఏమీ కాలేదు, కానీ సెప్టిక్ ట్యాంకు దూరానికి డైమెన్షన్ వెయ్యడం మర్చిపోయారు, మేస్త్రి ఏం చేస్తాడు, స్కేలు పెట్టి కొలిచాడు, 18 మీటర్లు రావాల్సింది 17.7 వచ్చింది, అక్కడే గొయ్యి తవ్వించేశాడు. అడుగు దూరం తేడా. మళ్ళీ పూడ్చి, పక్కన తవ్వి, ఒకటిన్నర రోజు కూలీ పోయింది. డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవొద్దు అని నోట్ రాస్తూనే ఉంటాం, సైటులో కొలుస్తూనే ఉంటారు, అంకె లేనిచోట వాళ్ళకి ఇంకో దారి ఉండదు కూడా. అందుకే నేను చెప్పేదంతా ఒకటే పట్టుకుని చెప్తున్నాను: కాగితం మీద 100 మిల్లీమీటర్లు అంటే 100 మిల్లీమీటర్లే ఉండాలి. రంగులు, మెరుపులు తర్వాత.

ముందు కాగితం లెక్క

ఏ0 అంటే 841 బై 1189 మిల్లీమీటర్లు, వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి మడిస్తే ఏ1, 594 బై 841. ఇంకో సగం ఏ2, 420 బై 594. ఆ తర్వాత ఏ3, 297 బై 420. ఏ0 వైశాల్యం చదరపు మీటరు కాబట్టి 80 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములుండే కాగితం మీద తీసిన ఏ0 షీటు బరువు 80 గ్రాములు, 40 షీట్లు కొరియర్ చెయ్యాలంటే బరువు మనసులోనే లెక్కేసుకోవచ్చు.

ప్లాటర్‌లో, అంటే పెద్ద డ్రాయింగులు తీసే ప్రింటర్‌లో, కాగితం రోలుగా ఉంటుంది. ఎక్కువగా కనపడేవి 24 అంగుళాల రోలు, అంటే 610 మిల్లీమీటర్లు, 36 అంగుళాల రోలు, అంటే 914 మిల్లీమీటర్లు, పెద్ద మిషన్లలో 42, 44 అంగుళాలు కూడా ఉంటాయి. 24 అంగుళాల మిషన్ మీద ఏ0 రాదు, ఏ1 దాకానే. 36 మీద ఏ0 వస్తుంది కానీ 841 వైపు రోలుకి అడ్డంగా, 1189 వైపు పొడవుగా పోతుంది. షాపుకి వెళ్ళే ముందు ఫోన్ చేసి "అన్నా, మీ దగ్గర ఎన్ని ఇంచుల రోలు ఉంది" అని ఒక్క మాట అడగండి, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎండలో ఊరంతా తిరగక్కర్లేదు.

రోలు తిప్పే తెలివి కూడా ఇక్కడే ఉంది. 36 అంగుళాల రోలు మీద ఏ1 తీస్తుంటే 841 వైపుని అడ్డంగా పెడితే రోలు 594 మిల్లీమీటర్లే ఖర్చవుతుంది, నిలువుగా పెడితే 841 ఖర్చై పక్కన 300కి పైగా కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. 45.7 మీటర్ల రోలు మీద మొదటి పద్ధతిలో ఏ1లు 76 దాకా వస్తాయి, రెండో పద్ధతిలో 54. ఆటో రొటేట్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే మిషనే తిప్పుకుంటుంది, ఒకసారి చూసుకోండి చాలు.

కాగితం రకం గురించి ఎక్కువ ఆలోచించొద్దు. సైటుకి 80 జీఎస్ఎమ్ మామూలు బాండ్ సరిపోతుంది. క్లయింటుకి చూపించే రంగుల ఎలివేషన్ అయితే కోటెడ్ పేపర్, లేకపోతే సాలిడ్ హ్యాచ్, అంటే రంగు నిండుగా నింపింది, పడ్డచోట ఇంకు తాగేసి కాగితం అలలు అలలుగా లేస్తుంది. సంవత్సరాల తరబడి కొలతలు నిలవాల్సిన సర్వే మ్యాపులాంటిదైతే పాలిస్టర్ ఫిల్మ్ మీద తీయండి, ఎందుకంటే మామూలు కాగితం తేమకి సాగుతుంది, విజయవాడ వైపో విశాఖ వైపో వర్షాకాలంలో మీటరుకి మిల్లీమీటరు, అంతకంటే కొంచెం ఎక్కువ తేడా కూడా రావచ్చు. ఫిల్మ్ దాదాపు కదలదు.

డ్రాయింగులో సర్దుకోవాల్సినవి

ఆటోక్యాడ్ వాడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను, మిగతా సాఫ్ట్‌వేర్లలో పేర్లు మారతాయి, పని అదే. డ్రాయింగుని అసలు కొలతలతో గీసే మోడల్ స్పేస్ నుంచి విండో పెట్టి లాగేసి ప్రింట్ కొట్టే అలవాటు ఉంటే ఈ రోజుతో మానేయండి. కాగితం మీద ఎలా పడాలో సర్దుకునే లేఅవుట్ ట్యాబ్ (పేపర్ స్పేస్ అన్నా అదే) తెరిచి, అందులో అసలు షీటు సైజు, అంటే ఏ1కి 841 బై 594, పెట్టి, దాని లోపల బోర్డర్ గీసి, వ్యూపోర్ట్, అంటే మోడల్‌ని చూపించే కిటికీ, పెట్టి, వ్యూపోర్ట్‌కి స్కేలు ఇచ్చి, ఇచ్చిన వెంటనే డిస్‌ప్లే లాక్ చెయ్యండి. లాక్ చెయ్యకుండా లోపలికెళ్ళి మౌస్ చక్రం కొంచెం తిప్పితే చాలు స్కేలు పోతుంది, పోయినట్టు కంటికి తెలియదు.

ఎక్కువమంది దొరికిపోయేది యూనిట్ల దగ్గర. మోడల్ మిల్లీమీటర్లలో గీస్తే 1:100 అంటే మామూలుగా 1:100 పెట్టేస్తే అయిపోతుంది. మీటర్లలో గీస్తే వ్యూపోర్ట్‌కి 10 ఎక్స్‌పీ ఇవ్వాలి, అంటే మోడల్‌లో ఒక యూనిటు కాగితం మీద 10 మిల్లీమీటర్లు. మన ఇళ్ళ ప్లాన్లు చాలావరకు అడుగులూ అంగుళాల్లోనే ఉంటాయి కదా, మోడల్ అంగుళాల్లో ఉండి షీటు మిల్లీమీటర్లలో ఉంటే 1:100కి 0.254 ఎక్స్‌పీ. ఇంకొకటి, అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు అనే స్కేలునీ 1:100నీ ఒకటే అనుకుని టైటిల్ బ్లాక్‌లో 1:100 రాసేసేవాళ్ళు ఉన్నారు. ఒకటి కాదండి. అది 1:96. 40 అడుగుల ఇల్లు 1:96లో 127 మిల్లీమీటర్లు వస్తుంది, 1:100లో 122కి దగ్గరగా వస్తుంది. 5 మిల్లీమీటర్ల తేడా అంటే నేల మీద అడుగున్నర పైమాటే. రాసిన స్కేలు, పెట్టిన స్కేలు ఒకటేనా అని ప్రతి షీటుకీ చూడాలి, ఒక్క షీటులో రెండు మూడు వ్యూపోర్టులు ఉంటే ప్రతిదానికీ విడివిడిగా చూడాలి.

రంగుల సంగతి. నల్ల స్క్రీన్ మీద పసుపు గీత మెరిసిపోతూ ఉంటుంది, తెల్ల కాగితం మీద అదే గీత కనపడదు. డైమెన్షన్లు పసుపులో వేసి రంగుల్లో ప్రింట్ కొడితే సైటులో అంకెలు మాయం. మామూలు డ్రాయింగులకి మోనోక్రోమ్ సీటీబీ (ప్రింటులో గీతల రంగు, మందం నిర్ణయించే ఫైలు) పెట్టేయండి, ఏ రంగు గీతైనా నలుపులో పడుతుంది. మందాలు 0.18, 0.25, 0.35, 0.5 మిల్లీమీటర్లు ఇలా పెట్టుకుంటే కోసిన గోడ మందంగా, దూరంగా కనపడే వస్తువు సన్నగా, హ్యాచ్ ఇంకా సన్నగా తేడా తెలుస్తుంది. 0.13 బాండ్ పేపర్ మీద అంత బాగుండదు, నాలుగు చేతులు మారి ఎండలో పది రోజులుంటే అసలు ఉండదు.

స్క్రీన్ మీద ఉన్నది ప్రింటులో రావట్లేదు అని కంగారుపడి ఫోన్ చేసేవాళ్ళకి నేను మొదట అడిగేది, అది ఏ లేయర్‌లో, అంటే డ్రాయింగులో ఏ పొరలో ఉంది అని. డెఫ్‌పాయింట్స్ లేయర్‌లో గీసింది ఏదీ ప్రింటు కాదు, ఎంత తన్నుకున్నా కాదు. వేరే లేయర్‌లోకి మార్చండి. లేదా ఆ లేయర్‌కి ప్రింటర్ బొమ్మ ఆఫ్‌లో ఉందేమో చూడండి.

తెలుగులో పేర్లు రాసే డ్రాయింగులు, అంటే గ్రామ మ్యాపులు, లేఅవుట్ ప్లాన్లు అయితే గౌతమి, నిర్మల యూఐ లాంటి యూనికోడ్ ఫాంట్‌తో టెక్స్ట్ స్టైల్ చేసుకోండి. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ మీద తెలుగు టైపు చేస్తే ప్రశ్నార్థకాలే వస్తాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఊరి పేరు పిచ్చి గీతలైపోతుంది. ఏదైనా సరే ముందు ఒక ఏ4 మీద తీసి ఒత్తులూ గుడులూ సరిగ్గా కూర్చున్నాయో లేదో కళ్ళారా చూడండి, ఊరి పేరు తప్పు పడ్డ మ్యాపు తీసుకెళ్ళి ఆ ఊళ్ళోనే పరవడం కంటే చిన్నతనం ఇంకోటి ఉండదు.

చివరగా ఇందులోనే ఒక పని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. బోర్డర్ బయట మార్జిన్‌లో పేపర్ స్పేస్‌లోనే 500 మిల్లీమీటర్ల గీత ఒకటి అడ్డంగా, ఇంకోటి నిలువుగా గీసి పెట్టుకోండి, పక్కన 500 అని రాయండి. టైటిల్ బ్లాక్ పక్కన 100 మిల్లీమీటర్ల చిన్న గీత కూడా పెట్టండి. మీ ప్రింటుని రేపు ఎవరో జిరాక్స్ తీస్తారు, ఇంకెవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, అప్పుడు ఆ 100 గీత కొలిస్తే చాలు, ఈ కాపీ నమ్మొచ్చా లేదా తెలిసిపోతుంది.

పీడీఎఫ్ చెయ్యడం

షాపుకి డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ అసలు ఫైలు ఇవ్వొద్దు. ఎక్స్‌రెఫ్‌లు, అంటే బయటి నుంచి జోడించిన డ్రాయింగులు, పోతాయి, ఫాంట్లు మారతాయి, వాళ్ళ సీటీబీతో మీ గీతల మందాలు మారతాయి, తప్పు ఎవరిదో తేలదు. పీడీఎఫ్ ఇవ్వండి. ప్లాట్ డైలాగులో డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్ ఎంచుకుని, పేపర్ సైజుల్లో ఐసో ఫుల్ బ్లీడ్ ఏ1 తీసుకోండి, మామూలు ఐసో ఏ1 తీసుకుంటే చుట్టూ మార్జిన్ పట్టి బోర్డర్ కోసేస్తుంది. వాట్ టు ప్లాట్ దగ్గర లేఅవుట్, స్కేలు 1:1, ఒక యూనిటుకి ఒక మిల్లీమీటర్. ఫిట్ టు పేపర్ టిక్కు తీసేయండి. లేఅవుట్ పెడితే ఆ టిక్కు తనంతట తనే బూడిదరంగులోకి పోతుంది, అందుకే నాకు లేఅవుట్ పద్ధతి ఇష్టం.

పీడీఎఫ్ అయ్యాక తెరిచి కంట్రోల్ డీ కొట్టి పేజీ సైజు చూడండి. 841 బై 594 అని ఉండాలి. 831 అనో 1189 అనో కనపడితే అక్కడే ఆగిపోండి, ప్లాటర్ దాకా వెళ్ళక్కర్లేదు.

ఏ1 ఖర్చు పెట్టే ముందు ఏ3 మీద ఒకటి తీసి చూసుకోవడం మంచి అలవాటు. ఏ1లో ప్రతి వైపూ సరిగ్గా సగం చేస్తే ఏ3 వస్తుంది కాబట్టి 50 శాతం పెట్టి తీస్తే 1:100 కాస్తా 1:200 అవుతుంది, అంచున ఉన్న బోర్డర్ కొంచెం కోసుకుపోయినా కొలతలు అలాగే నిలుస్తాయి. ఏ0కి అయితే ఏ2. అందులో స్పెల్లింగులు, లేని డైమెన్షన్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన అక్షరాలు ఎర్ర పెన్నుతో చుట్టేసి, సరిచేసి, అప్పుడు పెద్దది తీయండి.

శాటిలైట్ బొమ్మ వెనకాల పెట్టిన మ్యాపులకి ఒక మాట. ఏ0 మొత్తానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మ అంటే 9933 బై 14043 పిక్సెల్స్, కంప్రెస్ చెయ్యకపోతే 400 ఎంబీ దాటుతుంది. ప్లాటర్ అది నమలలేక మధ్యలో ఆగిపోతుంది, లేదా సగం షీటు తెల్లగా వదిలేస్తుంది. మ్యాపు వెనకాల బొమ్మకి 150 డీపీఐ చాలు, ఎవరూ భూతద్దం పెట్టి చెట్లు లెక్కపెట్టరు, గీతలు మాత్రం వెక్టార్‌గానే, అంటే పిక్సెల్స్‌గా మారకుండా ఉండాలి.

రోలు ఎక్కించడం

మీ ఆఫీసులోనే ప్లాటర్ ఉంటే ఇది చదవండి, షాపులో తీయించేవాళ్ళు వదిలేయొచ్చు. స్పిండిల్‌కి, అంటే రోలు మోసే కడ్డీకి, రోలు తొడిగినప్పుడు దాని చివరనుండే హబ్‌కి ఆనుకుని బిగుతుగా కూర్చోవాలి, సందు ఉంటే కాగితం ఏటవాలుగా పోతుంది. రోలు మొదటి అంచు చిరిగో నలిగో ఉంటే కత్తెరతో కాదు, స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో తిన్నగా కోయండి. అంచుని రెండు చేతులతో సమానంగా లోపలికి తోస్తే మిషనే లాక్కుంటుంది. మిషన్ స్క్యూ, అంటే వంకర, ఉందని చెప్తే పర్లేదులే అని ఓకే నొక్కొద్దు, తీసి మళ్ళీ పెట్టండి, ఏ0 పొడవుకి వచ్చేసరికి ఆ చిన్న వంకరే సెంటీమీటరు అవుతుంది. ప్యానెల్ మీద కాగితం రకం అడుగుతుంది, బాండ్ పెట్టి కోటెడ్ అని చెప్తే ఇంకు ఎక్కువ కొట్టడమే కాదు, కాగితం జరిపే లెక్క కూడా మారుతుంది. నిజం చెప్పండి మిషన్‌కి.

విప్పిన రోలు వాడకపోతే తీసి దాని ప్లాస్టిక్ కవర్లోనే పెట్టేయండి. తేమ పట్టిన కాగితం మీద ఇంకు పాకుతుంది, గీత అంచులు నూగులా అవుతాయి.

ప్రింట్ కొట్టడం

ప్రింట్ డైలాగులో మూడే మూడు చూసుకోవాలి. సైజింగ్ దగ్గర యాక్చువల్ సైజ్. దాని కిందే ఉండే పీడీఎఫ్ పేజీ సైజుని బట్టి కాగితం ఎంచుకో అనే టిక్కు ఆన్. మూడోది డ్రైవర్ ప్రాపర్టీస్‌లో మార్జిన్ల దగ్గర ఉంటుంది, హెచ్‌పీ డిజైన్‌జెట్ లాంటి వాటిలో క్లిప్ కంటెంట్స్ బై మార్జిన్స్ అనీ ఓవర్‌సైజ్ అనీ కనపడతాయి. మొదటిది పెడితే చుట్టూ 5 మిల్లీమీటర్లు కత్తిరించేస్తుంది కానీ డ్రాయింగుని కుంచించదు, మీ బోర్డర్ అంచుకి 10 మిల్లీమీటర్ల లోపల ఉంటే పోయేదేమీ ఉండదు. ఓవర్‌సైజ్ పెడితే ఏ1 కంటే కొంచెం పెద్ద కాగితం తీసుకుని పూర్తి ఏ1 వేస్తుంది, తర్వాత మీరు అంచు కోసుకోవాలి. రెండూ మంచివే. ఫిట్, ష్రింక్, స్కేల్ టు అన్న మాటలు ఎక్కడ కనపడినా తీసేయండి.

షాపులో అయితే కుర్రాడు ఫైలు తెరవగానే "సార్, ఫిట్ పెట్టేయనా, అంచు కట్ అవుతుందేమో" అంటాడు, మంచి మనసుతోనే అంటాడు పాపం, పెళ్ళి బ్యానర్లు, పోస్టర్లు చేసే చెయ్యి అది, వాటికి ఫిట్టే కరెక్టు. మీరు మాత్రం "వద్దు తమ్ముడూ, యాక్చువల్ సైజ్ పెట్టు, అంచు కట్ అయితే నేను చూసుకుంటా" అని చెప్పి పక్కనే నిలబడండి. స్క్రీన్ మీద 100 శాతం అని కనపడే దాకా ఓకే కొట్టనివ్వొద్దు.

పది షీట్లున్నా ముందు ఒక్కటే తీయించండి.

కొలవడం, తప్పెక్కడో పట్టుకోవడం

మొదటి షీటు టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, స్టీలు స్కేలుతో ఆ రెండు 500 గీతలూ కొలవండి. గుడ్డ టేపుతో, ప్లాస్టిక్ స్కేలుతో కొలవొద్దు. సున్నా దగ్గర స్కేలు అంచు అరిగిపోయి ఉంటుంది, 100 దగ్గర నుంచి మొదలుపెట్టి 600 దాకా చూడండి. మంచి ప్లాటర్ అయితే 500కి అర మిల్లీమీటరు తేడా లోపల ఉండాలి.

తేడా వస్తే మాత్రం ఆ అంకెలే తప్పెక్కడో చెప్పేస్తాయి, ఊరికే మళ్ళీ మళ్ళీ ప్రింట్ కొట్టక్కర్లేదు. రెండు గీతలూ ఒకే లెక్కన తగ్గి 491, 492 అలా వస్తే అది మిషన్ తప్పు కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో ఫిట్ మిగిలిపోయింది. లెక్క చూడండి, ఏ1 వెడల్పు 594లో రెండు వైపులా అయిదేసి మిల్లీమీటర్ల మార్జిన్ తీసేస్తే 584, 584ని 594తో భాగిస్తే 98.3 శాతం, 500లో 98.3 శాతం అంటే 491.5. మా సెప్టిక్ ట్యాంకు కథలో జరిగింది అక్షరాలా ఇదే.

అలాకాకుండా రోలుకి అడ్డంగా ఉన్న గీత సరిగ్గా 500 ఉండి, కాగితం బయటికొచ్చే దిక్కున ఉన్న గీత మాత్రం 498 అనో 502 అనో వస్తే అది కాగితం జరిపే చక్రాల లెక్క. కాగితం రకం తప్పు చెప్పారేమో చూడండి, అది కరెక్టే అయితే మిషన్ మెనూలో పేపర్ అడ్వాన్స్ క్యాలిబ్రేషన్ చెయ్యండి. కొత్త కంపెనీ రోలు ఎక్కించినప్పుడల్లా చేసుకోవడం మంచిది.

రెండు గీతలూ 500 పక్కాగా ఉండి, ప్లాన్‌లో 10 మీటర్లు అని రాసిన దూరం మాత్రం 1:100లో 100 మిల్లీమీటర్లు రావట్లేదా, అయితే ప్రింటు బాగానే ఉంది, మీ వ్యూపోర్ట్ స్కేలు తప్పు. 104 వచ్చిందంటే 1:96 దూరినట్టే.

ఇంక నాలుగోది, బోర్డర్ కర్ణాలు రెండూ కొలవండి. మేస్త్రి ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం సరిపోయిందో లేదో కర్ణాలు కొలిచి చూసుకుంటాడు కదా, అదే పని. ఒక కర్ణం ఎక్కువ ఒకటి తక్కువ వస్తే కాగితం వంకరగా లాగింది, రోలు తీసి మళ్ళీ ఎక్కించాలి. ఇదంతా రెండు నిమిషాల పనండి. ఈ రెండు నిమిషాలు పెట్టకుండా 30 షీట్లు తీసేసి సైటుకి పంపేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఏ0 కూడా చాలనప్పుడు

కాలువల ఎల్-సెక్షన్లు (పొడవునా కోసినట్టు చూపించే డ్రాయింగులు), రోడ్ల ప్రొఫైళ్ళు ఏ షీటులోనూ ఇమడవు. 6 కిలోమీటర్ల కాలువ అడ్డంగా 1:2000, నిలువుగా 1:200 పెట్టి గీస్తే పొడవే 3 మీటర్లు, టైటిల్ బ్లాక్, మార్జిన్లు కలిపి 3.3 మీటర్లు అనుకోండి. రోలు కాబట్టి పొడవు సమస్య కాదు, వెడల్పు 914 దాటకుండా చూసుకుంటే చాలు.

ప్లాట్ డైలాగులో ప్రింటర్ పక్కన ప్రాపర్టీస్ నొక్కి, కస్టమ్ పేపర్ సైజెస్‌లో యాడ్, స్టార్ట్ ఫ్రమ్ స్క్రాచ్, యూనిట్లు మిల్లీమీటర్లు, 3300 బై 594, మార్జిన్లు సున్నా, పేరు ఏదో మీకు గుర్తుండేది పెట్టండి. పొడవు వెడల్పు తారుమారైతే ప్రివ్యూలో తెలుస్తుంది. ప్లాటర్ డ్రైవర్‌లో కూడా అదే సైజు ఇంకోసారి చెయ్యాలి, ఇది మర్చిపోయి చాలామంది షీటు మధ్యలో కట్ అయిపోయిందని బాధపడతారు. పీడీఎఫ్‌కి మామూలుగా 200 అంగుళాల హద్దు ఉంది, అంటే 5.08 మీటర్లు. 1:2000లో 10 కిలోమీటర్లకి 5 మీటర్లు, టైటిల్ బ్లాక్ పెట్టడానికి కూడా చోటుండదు, 12 అయితే దాటిపోయినట్టే. అప్పుడు పీడీఎఫ్ వదిలేసి ఆటోక్యాడ్ నుంచే నేరుగా ప్లాటర్‌కి పంపాలి, లేదా డ్రాయింగునే చైనేజీ (మొదటి నుంచి ఎంత దూరమో చెప్పే అంకె) దగ్గర విడగొట్టాలి. నేనైతే విడగొట్టమనే చెప్తాను. 5 మీటర్ల షీటు కాలువ గట్టు మీద గాలిలో ఎవరు పట్టుకుంటారు చెప్పండి. 3 కిలోమీటర్లకొకటి చొప్పున విడగొట్టి, అతికే చోట మ్యాచ్ లైన్ గీసి, రెండు షీట్లలోనూ 50 మీటర్ల ముక్క కామన్‌గా ఉంచి, చైనేజీ అంకెలు రెండిట్లోనూ రాస్తే చదివేవాళ్ళకి హాయి.

పొడవు షీటు పడుతున్నప్పుడు మనిషి దగ్గర ఉండాలి. మీటరున్నర దాటాక కాగితం కింద బుట్టలో పడి మడతపడి, తడి ఇంకు తడి ఇంకుకి అంటుకుంటుంది. నేల మీద శుభ్రమైన పాత షీటు పరిచి దాని మీదికి జారనివ్వండి, చివర చేత్తో ఊరికే ఆనించి పట్టుకోండి, లాగొద్దు, లాగితే అక్కడి నుంచి స్కేలు సాగిపోతుంది. మిషన్‌కీ కంప్యూటర్‌కీ రెండిటికీ యూపీఎస్ ఉండాలి, 3 మీటర్ల షీటులో రెండున్నర మీటర్ల దగ్గర కరెంటు పోతే మొత్తం మొదటి నుంచే, మధ్యలోంచి అందుకోదు.

పాత గ్రామ మ్యాపు స్కాన్‌ని అసలు సైజులో తీయాల్సి వస్తే కూడా ఇదే కస్టమ్ సైజు పద్ధతి. మైలుకి 16 అంగుళాలు అని రాసున్న మ్యాపులు ఉంటాయి, అంటే అంగుళానికి 5 గొలుసులు, 330 అడుగులు, ఇప్పటి భాషలో 1:3960. దాన్ని 1:4000 అని గుండ్రంగా చేసి తీసేయొద్దు, స్కాన్‌లో ఉన్న స్కేల్ బార్‌ని కొలిచి దానికి సరిపోయేలా బొమ్మ సైజు సర్దండి. పొలం గట్ల దగ్గర ఒక శాతం తేడా అంటే అన్నదమ్ముల మధ్య గొడవ.

గీతల్లో తెల్ల చారలు వస్తే

నాజిల్ చెక్ ప్రింట్ తీయండి, ఏ రంగులో గీత తెగిందో తెలుస్తుంది, హెడ్ క్లీనింగ్ ఒకసారి, మహా అయితే రెండుసార్లు, అంతకుమించి చేస్తే ఇంకు కారిపోవడమే. పండక్కి వారం రోజులు ఆఫీసు మూసేటప్పుడు గోడ స్విచ్ ఆపెయ్యకుండా మిషన్ మీద బటన్‌తోనే ఆపితే హెడ్ తన మూతలోకి వెళ్ళి కూర్చుంటుంది, ఎండిపోదు. లేదంటే పండగ నుంచి రాగానే మొదటి ఖర్చు అదే. ట్రేసింగ్ పేపర్ మీద తీసినప్పుడు ఇంకు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, డ్రైయింగ్ టైమ్ పెంచుకోండి, వేలితో ముట్టి చూడాలని చేతులు దురదపెడతాయి, ఆగండి.

మడత, పంపడం

బీరువాలో దాచే షీట్లని చుట్టేటప్పుడు బొమ్మ బయటికి ఉండేలా చుట్టండి. చాలామంది లోపలికి చుడతారు, అప్పుడు టేబుల్ మీద పరిస్తే అంచులు పైకి లేచి ముఖాన కొడతాయి. బయటికి చుడితే అంచులు టేబుల్‌ని పట్టుకుని బుద్ధిగా పడుకుంటాయి. ఫైల్లో పెట్టేవాటిని ఏ4 సైజుకి మడవాలి, దీనికి ఐఎస్ 11664 అని మన స్టాండర్డే ఉంది. తేలిగ్గా చెప్పాలంటే, ముందు అడ్డంగా విసనకర్రలా ముందుకీ వెనక్కీ 210 మిల్లీమీటర్ల చొప్పున మడుచుకుంటూ వెళ్ళి, తర్వాత నిలువుని 297కి తగ్గించండి, అయిపోయేసరికి కుడివైపు కింద మూలనున్న టైటిల్ బ్లాక్ పైకి కనపడాలి. ఫైలు తీసినవాడు షీటు విప్పకుండానే డ్రాయింగ్ నంబరు, రివిజన్ చదవగలగాలి.

పంపేటప్పుడు ప్రతి షీటు మీదా ప్రింట్ తీసిన తేదీ, రివిజన్ పడేలా చూడండి, ఆటోక్యాడ్ ప్లాట్ స్టాంప్ ఆన్ చేస్తే ఫైలు పేరు, తేదీ తనే వేస్తుంది. కొత్త రివిజన్ షీటు చేతికిచ్చేటప్పుడే పాతది వెనక్కి తీసుకోండి, "అదెక్కడో ఉందిలే సార్" అంటే ఊరుకోవద్దు, సిమెంటు బస్తాల మధ్య వెతికించైనా సరే తెప్పించి, అడ్డంగా ఎర్ర గీత కొట్టి, రద్దు అని పెద్దగా రాసి ఆఫీసుకి తెచ్చేయండి.